ఎవరికి ఏం తెలుసు: ఒక సీరియల్ రచయిత్రి తొలి అడుగులపై కేస్ స్టడీ

ఈ కేసులోని వ్యక్తి ఒక యువ రచయిత్రి. టెలివిజన్‌కు రాయాలని ఆమె తొలి ఈమెయిల్ పంపిన రోజుకూ, తెర మీద ఆమె పేరు పడిన రోజుకూ మధ్య 21 నెలలు గడిచాయి. అందులో మొదటి 12 నెలలు ఆమె ఒంటరిగా ప్రయత్నించింది. తక్కిన 9 నెలలు నా బృందంలో పనిచేసింది. నేను రోజువారీ సీరియళ్ళకు స్క్రీన్‌ప్లే రాస్తాను, రచయితల బృందాన్ని నడుపుతాను. కనుక రెండో భాగం నేను దగ్గరుండి చూసినది, మొదటి భాగం ఆమె దాచుకున్న ఉత్తరప్రత్యుత్తరాల నుంచి, ఆమె చెప్పిన మాటల నుంచి నేను కూర్చుకున్నది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టగలిగే వివరాలను మార్చాను కానీ, పరీక్షగా రాయించిన సన్నివేశాన్ని మాత్రం ఆమె రాసినట్టే ఉంచాను.

64 పేజీల కథ

ఆమె మొదట తయారుచేసుకున్నది 64 పేజీల కథ. మూడు తరాల కుటుంబం, రెండు పెద్ద రహస్యాలు, వెయ్యి ఎపిసోడ్లకు సరిపోతుందని ఆమె వేసుకున్న లెక్క. అప్పటికే నాలుగైదు కథలు పత్రికల్లో అచ్చయ్యాయి, ఒకదానికి పోటీలో బహుమతి కూడా వచ్చింది కాబట్టి, తన కథాశక్తి మీద ఆమెకు నమ్మకం ఉండడంలో తప్పేమీ లేదు. ఆ 64 పేజీలను ఛానెళ్ళకూ నిర్మాణ సంస్థలకూ కలిపి 17 చోట్లకు పంపింది. రెండు జవాబులు వచ్చాయి. ఒకటి, అడగకుండా వచ్చిన కథలను తాము చదవబోమని తెలిపే అచ్చు వాక్యం. రెండోది, వచ్చి కలవమన్న పిలుపు.

మొదటి జవాబును ఆమె చాలాకాలం పొగరు కింద లెక్కగట్టింది. నేను కూడా ఈ రంగంలోకి వచ్చిన కొత్తలో అలాగే అనుకునేవాడిని. అసలు సంగతి వేరు. ఒక ఛానెల్‌లో ఏ సమయంలో చూసినా పదుల కొద్దీ కథలు తయారీలో ఉంటాయి. తప్పిపోయిన బిడ్డ తిరిగి రావడం, మారుపేరుతో ఇంట్లో చేరిన మనిషి, చనిపోయాడనుకున్నవాడు బతికి ఉండడం వంటి మలుపులు వందమంది రచయితలకు వంద విధాలుగా తడతాయి. బయటి కథను చదివినట్టు రుజువుంటే, రెండేళ్ళ తర్వాత అలాంటి మలుపే తమ సీరియల్‌లో వచ్చినప్పుడు అది మీరు మా దగ్గర కాజేసినదే అన్న ఆరోపణకు దారి ఏర్పడుతుంది. చదవకపోవడమే వారికి రక్షణ. కవరు విప్పకుండా తిప్పి పంపడం మనకు అవమానంగా తోస్తుంది. వారికది ఒక సాధారణ జాగ్రత్త.

రెండో చోట జరిగింది ఆమె చేతుల్లోని పొరపాటు. సమావేశం మొదలైన ఐదు నిమిషాలకే ఆమె ఒక కాగితం తీసి, కథ చెప్పడానికి ముందు దీని మీద సంతకం చేయాలని కోరింది. కథను ఎవరికీ చెప్పబోమని, వాడుకోబోమని రాసి ఉన్న ఒప్పందం అది. ఎదుటివారు నవ్వి, టీ తాగి వెళ్ళమన్నారు. ఈ విషయంలో నేను ఆమెను పూర్తిగా తప్పుపట్టలేను, ఎందుకంటే ఒకరి ట్రాక్, అంటే కొన్ని వారాలో నెలలో నడిచే కథాభాగం, మరొకరి సీరియల్‌లోకి నడిచి వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. అయితే కాపీరైట్ చట్టం ఏ మేరకు కాపాడుతుందో తెలుసుకుని ఉంటే ఆమె ఆ కాగితాన్ని ఇంట్లోనే ఉంచి వచ్చేది. కాపీరైట్ వర్తించేది భావానికి కాదు, ఆ భావాన్ని పలికిన తీరుకు. ప్రపంచ వాణిజ్య సంస్థ పరిధిలో మేధో సంపత్తి హక్కులను చూసే ట్రిప్స్ ఒప్పందం 9వ అధికరణం రెండో భాగం ఈ సంగతిని సూటిగా చెబుతుంది. 1886 నాటి బెర్న్ కాపీరైట్ ఒప్పందపు దారిలో నడిచే దేశాల్లో, రచన రాసిన క్షణం నుంచే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ చేయించుకోకపోయినా ఉంటుంది. రచయితల సంఘంలో నమోదు చేయించుకోవడం, తేదీ ఉన్న ఈమెయిల్ దాచుకోవడం వంటివి రుజువు కోసం చేసే పనులు మాత్రమే.

ఇక్కడే ఆమె 64 పేజీల అసలు లోపం బయటపడింది. అందులో ఒక్క సంభాషణ కూడా లేదు. ఒక్క సన్నివేశం కూడా మొదలై ముగియలేదు. నిండా భావాలే ఉన్నాయి, అంటే చట్టం కాపాడనివి, ఛానెల్‌కు కొదవ లేనివి. వాటిని చదివినవారికి ఈమెకు ఊహ ఉందని తెలుస్తుంది. రేపు సాయంత్రానికి ఈమె ఒక ఎపిసోడ్ ఇవ్వగలదా అన్నది తెలియదు. పని ఇచ్చేవారు వెతికేది ఆ రెండో దాని జవాబు కోసం.

పని ఎలా విడిపోతుందో ఆమెకు తెలియకపోవడం

నా దగ్గరకు వచ్చినప్పుడు ఆమె అడిగిన మొదటి ప్రశ్న, నా కథ ఎవరికి చెప్పాలి సార్ అని. ఇక్కడ కథ, స్క్రీన్‌ప్లే, సంభాషణలు మూడు వేర్వేరు పనులనీ, తరచు ముగ్గురు వేర్వేరు మనుషులు చేస్తారనీ, కొత్తవారికి తెరుచుకునే తలుపు మూడోదనీ ఆమె అప్పటిదాకా వినలేదు.

రోజువారీ సీరియల్‌లో అరగంట స్లాట్ అంటే ప్రకటనలు పోను రమారమి 22 నిమిషాల కథ. కథారచయిత కొన్ని నెలల ట్రాక్‌ను ముందుగా చెబుతాడు. దాన్ని ఛానెల్ ప్రోగ్రామింగ్ విభాగం ఒప్పుకున్నాక, వారానికి సరిపడా వన్‌లైన్, అంటే ఏ ఎపిసోడ్‌లో ఏం జరుగుతుందో చెప్పే క్లుప్త కథ, తయారవుతుంది. వన్‌లైన్ నుంచి సీన్ ఆర్డర్ వస్తుంది: ఏ సీన్ ఎక్కడ, పగలా రాత్రా, ఎవరెవరు ఉంటారు, సీన్ మొదట్లో ఏమిటి, చివర్లో ఏమిటి, ఏ బ్రేక్ ముందు ఏ హుక్ (తర్వాత ఏమవుతుందోనని ప్రేక్షకులను కట్టిపడేసే క్షణం) పడాలి. ఆ ఆర్డర్ సంభాషణల రచయిత చేతికి వెళుతుంది. అక్కడి నుంచి అసలు హడావిడి మొదలవుతుంది. టెలికాస్ట్‌కు ముందు చేతిలో ఎన్ని ఎపిసోడ్ల బ్యాంక్ (ముందే తయారై ఉన్న నిల్వ) ఉందన్నదాన్ని బట్టి ఆ రచయితకు దొరికే సమయం రెండు రోజులు కావచ్చు, రెండు గంటలు కావచ్చు. ఒక ఆర్టిస్టు కాల్షీట్ మారితే మొత్తం తిరగరాయాలి. షూటింగ్ స్పాట్‌లో కో-డైరెక్టర్ ఫోన్ చేసి, ఈ డైలాగ్ నోరు తిరగడం లేదంటే అక్కడికక్కడే మరొకటి చెప్పాలి.

ఒత్తిడి ఎక్కువగా ఉండే చోటే మనుషులు ఎక్కువగా మారతారు. కాబట్టి ఖాళీ ఏర్పడేదీ అక్కడే. కథారచయిత కుర్చీ ఏళ్ళ తరబడి ఖాళీ కాదు.

ఇది నిన్న మొన్న పుట్టిన పద్ధతి కాదు. అమెరికా సీరియల్ రచనకు ఆద్యురాలిగా పేరుపడ్డ ఇర్నా ఫిలిప్స్ దగ్గరకు, చదువు ముగించిన ఆగ్నెస్ నిక్సన్‌ను పంపింది ఆమె తండ్రే. రచన ఒక వృత్తి కాదని ఫిలిప్స్ నోటితో చెప్పిస్తే కూతురు తన వ్యాపారంలోకి వస్తుందని ఆయన ఆశ. ఫిలిప్స్ ఆ అమ్మాయి తెచ్చిన స్క్రిప్టును ఆమె ఎదుటే చదివి, నా దగ్గర పనిచేస్తావా అని అడిగింది. నిక్సన్ మొదట రాసింది ఫిలిప్స్ రేడియో సీరియల్‌కు సంభాషణలు. తన సొంత సీరియళ్ళను ఆమె మొదలుపెట్టింది 1968లోనూ 1970లోనూ, అంటే రెండు దశాబ్దాలు దాటాక. ఈ సంగతి నేను కొత్తవారికి తరచు చెబుతాను. ఎక్కువమంది ఆ ఇరవై ఏళ్ళ మాట విని ముఖం చిన్నబుచ్చుకుంటారు. ఈమె మాత్రం, ఆ అమ్మాయి తీసుకెళ్ళిన స్క్రిప్టు ఎన్ని పేజీలు ఉంటుంది సార్ అని అడిగింది. నా దగ్గర దానికి జవాబు లేదు కానీ, ఆ ప్రశ్న నాకు నచ్చింది.

పరీక్ష

నేను కొత్తవారి కథ వినను. సీన్ ఆర్డర్‌లోని ఒక సీన్ ఇచ్చి, రెండు గంటలు సమయం ఇస్తాను. ఆమెకు ఇచ్చింది అప్పుడు నడుస్తున్న మా సీరియల్‌లోనిదే.

సీన్ 3. ఇల్లు, హాలు, రాత్రి. తండ్రి, కొడుకు. కొడుకు ఉద్యోగం పోయి రెండు వారాలైంది, ఇంట్లో చెప్పలేదు. తండ్రికి తెలిసిపోయింది. తండ్రికి తెలుసన్న సంగతి కొడుక్కి తెలియదు. సీన్ అయ్యేసరికి కొడుక్కి అనుమానం రావాలి. తండ్రి బయటపడకూడదు. కొడుకు ఫోన్ మోగడంతో ముగింపు. 2 నిమిషాలు.

ఆమె మొదటి ప్రతి మూడున్నర పేజీలు వచ్చింది. అందులో తండ్రి నోరు విప్పగానే అన్న మాట ఇది: "నీ ఉద్యోగం పోయి రెండు వారాలైందని నాకు తెలుసురా. రోజూ తయారై ఎక్కడికి వెళ్తున్నావో కూడా తెలుసు. కన్నతండ్రిని, నా దగ్గర కూడా దాచాల్సినంత పరాయివాణ్ణి అయిపోయానా?" ఆ తర్వాత కొడుకు ఏడుస్తాడు, తండ్రి ఓదారుస్తాడు. గడియారం పెట్టుకుని పైకి చదివితే 4 నిమిషాల 40 సెకన్లు పట్టింది.

ఆ సంభాషణ చెడ్డదని నేను అనలేదు. నిజానికి రెండో పేరాలో నాకూ కాస్త గొంతు పట్టింది. కానీ తండ్రి బయటపడకూడదని ఆర్డర్‌లో ఉంది. "అమ్మా, నువ్వు రాసింది ఈ రోజు సీన్ కాదు, ఆరు వారాల తర్వాత రావలసిన సీన్" అన్నాను. కథల పోటీకి రాసే రచయితకు తన చేతిలో ఉన్నదంతా ఆ పది పేజీల్లోనే ఖర్చుపెట్టాలనిపిస్తుంది, అది అక్కడ సరైనది కూడా. సీరియల్ రచయిత దాచిపెట్టిన దాన్ని రోజుకు కాస్త చొప్పున వదలాలి. ఆరు వారాల తర్వాతి డబ్బును ఈ రోజే ఖర్చుపెడితే, ఆ ఆరు వారాల ట్రాక్ కుప్పకూలుతుంది, దాని మీద ఆధారపడ్డ ప్రోమోలూ బ్రేకులూ కూడా పోతాయి.

నిడివి గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఒక పేజీ ఒక నిమిషం అన్న లెక్కను కొత్తవారు చాలామంది ఎక్కడో చదివి వస్తారు. అది కొరియర్ అనే ఫాంట్‌లో 12 పాయింట్ల అక్షరాలతో, ఒక నిర్దిష్టమైన వరుసలో రాసిన ఇంగ్లీషు స్క్రీన్‌ప్లేకు వర్తించే ఉజ్జాయింపు. అక్కడ కూడా, స్టూడియోలో ప్రేక్షకుల ముందు తీసే కామెడీల స్క్రిప్టులను పంక్తుల మధ్య ఎక్కువ ఎడంతో టైపు చేస్తారు కాబట్టి ఆ లెక్క కుదరదు. ఎడమ వైపు దృశ్యం, కుడి వైపు సంభాషణ రాసే మన రెండు నిలువు వరుసల పద్ధతికి అది అసలే పనికిరాదు. పైకి చదివి గడియారం చూసుకోవడం ఒక్కటే నమ్మదగిన కొలత, అదీ ఆర్టిస్టు మాట్లాడే వేగంతో చదివితేనే.

మర్నాడు ఆమె రెండో ప్రతి తెచ్చింది. తండ్రి కళ్ళజోడు తుడుచుకుంటూ దాని పెట్టె కోసం టేబుల్ మీద వెతకడంతో సీన్ మొదలవుతుంది. కొడుకు లోపలికి వస్తాడు.

తండ్రి: నీ ఐడీ కార్డు టేబుల్ మీదే ఉందిరా.
కొడుకు: మర్చిపోయాను నాన్నా.
తండ్రి: సోమవారం నుంచీ అక్కడే ఉంది.
(కొడుకు మాట్లాడడు. తండ్రి కళ్ళజోడు పెట్టెలో పెట్టి మూస్తాడు.)
కొడుకు: రేపు గుర్తుపెట్టుకుంటాను.
తండ్రి: పెట్టుకో. అది లేకపోతే లోపలికి రానివ్వరు కదా.
(కొడుకు ఫోన్ మోగుతుంది. ఇద్దరూ ఫోన్ వైపు చూస్తారు. కొడుకు తీయడు.)

ఈ సీన్‌ను నిలబెట్టేది చివరి మాటలోని "కదా". ఆ రెండక్షరాలు తీసేస్తే తండ్రి మామూలుగా జాగ్రత్త చెబుతున్నాడు. ఉంచితే, అతను చెబుతున్నాడో అడుగుతున్నాడో కొడుక్కి తేలదు, కెమెరా ఆ ముఖం మీద మూడు సెకన్లు ఆగడానికి కారణం దొరుకుతుంది. మాటలన్నీ కలిపి ముప్పై సెకన్లు మించవు, మిగిలినది చూపులదీ, కళ్ళజోడుదీ. రాయని చోటును కూడా లెక్కవేసి రాసిన ప్రతి అది.

సీన్ కింద ఆమె చిన్న అక్షరాలతో మరో రెండు పంక్తులు రాసింది: "ప్రాపర్టీ: ట్యాగుతో ఐడీ కార్డు. సీన్ 1లో కొడుకు బయటికి వెళ్ళేటప్పుడు మెడలో ట్యాగు లేకుండా చూడాలి." ఆమెను బృందంలోకి తీసుకోవాలని నేను నిర్ణయించుకున్నది సంభాషణ చూసి కాదు, ఈ రెండు పంక్తులు చూసి. తాను రాసిన వస్తువు రేపు ఉదయం సెట్‌లో ఎవరో ఒకరు వెతికి తేవాలని ఆమెకు తోచింది. అనుభవం ఉన్నవారిలో కూడా ఈ గుణం అరుదు.

మా కో-డైరెక్టర్ మాత్రం చదవగానే ఒక అభ్యంతరం లేవదీశాడు. ఉద్యోగం తీసేసినవాడి దగ్గర కార్డు ఎందుకుంటుంది, వెనక్కి తీసుకుంటారు కదా అన్నాడు. నాకు తట్టలేదు, ఆమెకూ తట్టలేదు. న్యాయమైన ప్రశ్నే. ఆమె పది నిమిషాలు బయట నిలబడి వచ్చి, కార్డు తీసేసి, ఒట్టి ట్యాగు ఉంచింది. "నీ ట్యాగు టేబుల్ మీదే ఉందిరా." తక్కిన మాటల్లో ఒక్కటీ మార్చలేదు. కార్డు లేని ఖాళీ ట్యాగును తండ్రి వేళ్ళతో సరిచేసి పెట్టే క్లోజప్ దర్శకుడికి అదనంగా దొరికింది. తప్పు ఎత్తిచూపినవాడి మీద ఆమె అలగకపోవడం కూడా నేను గమనించాను. బృందంలో రాసేటప్పుడు అభ్యంతరాలు రోజుకు ఇరవై వస్తాయి. ప్రతిదానికీ నొచ్చుకునేవారు మూడు నెలలు నిలవరు.

పట్టిక

మొదటి మూడు నెలలు ఆమె రాసిన సీన్లలో సగానికి పైగా నేనే తిరగరాశాను. ఇందులో విశేషం లేదు, అందరికీ అలాగే జరుగుతుంది. ఆమెను మా సమావేశాల్లో అవసరమైన మనిషిని చేసింది వేరొక పని. అది ఎవరూ అడగకుండా ఆమె తనంతట తాను మొదలుపెట్టినది.

మా సీరియల్‌లో అప్పటికి మాట్లాడే పాత్రలు 23, కథలో దాగి ఉన్న రహస్యాలు 11. ఆమె ఒక పెద్ద నోట్‌బుక్‌లో పాత్రలను అడ్డువరుసల్లో, రహస్యాలను నిలువు వరుసల్లో వేసి, ఏ పాత్రకు ఏ రహస్యం ఏ ఎపిసోడ్‌లో తెలిసిందో ఆ గడిలో ఎపిసోడ్ నంబరు రాసింది. తెలియకపోతే గడి ఖాళీ. పాత ఎపిసోడ్లన్నీ రాత్రుళ్ళు కూర్చుని చూసి మొత్తం 253 గళ్ళు సరిచూసింది. వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది, నేనూ మొదట అలాగే చూశాను. కానీ రోజువారీ సీరియల్‌లో కథను ముందుకు నడిపే ఇంధనం ఎవరికి ఏం తెలుసు అన్నదే. నూట యాభై ఎపిసోడ్లు దాటాక అది ఏ ఒక్కరి తలలోనూ పూర్తిగా ఉండదు. ప్రేక్షకుల తలలో మాత్రం ఉంటుంది.

164వ ఎపిసోడ్‌కు నేను రాసిన స్క్రీన్‌ప్లేలో, ఉద్యోగం పోయిన ఆ కొడుకును అక్క ఓదార్చే సీన్ ఉంది. షూటింగ్‌కు ముందు రోజు రాత్రి పది గంటలకు ఆమె ఫోన్ చేసింది. "సార్, అక్క గడి ఖాళీగా ఉంది." నాకు అర్థం కాలేదు. 141వ ఎపిసోడ్‌లో తండ్రి ఆ సంగతి తల్లికి చెబుతున్నప్పుడు అక్క గదిలోనే ఉందని నా గుర్తు. లేదు, ఆ మాట మొదలయ్యే ముందే అక్క బయటికి వెళ్ళిపోయింది. షూట్ చేసింది నేను రాసినట్టు కాదు, ఆ రోజు ఆర్టిస్టు త్వరగా వెళ్ళిపోవలసి వచ్చి స్పాట్‌లో మార్చారు, నాకెవరూ చెప్పలేదు. తప్పు ఎవరిదైనా, టెలికాస్ట్ అయితే నవ్వులపాలయ్యేది నా పేరు.

ఉదయం ఆరింటికి ఆర్టిస్టులు మేకప్‌కు కూర్చుంటారు కాబట్టి సీన్ తీసేసే వీలు లేదు. ఆమె చేసిన సూచన చిన్నది. అక్క ఓదార్చనివ్వండి, కానీ ఎందుకు బాధపడుతున్నాడో తెలియకుండా ఓదార్చనివ్వండి అంది. తమ్ముడు ప్రేమలో దెబ్బతిన్నాడనుకుని అక్క ఏదో చెబుతూ ఉంటుంది, వాడు కాదనకుండా వింటాడు. నాలుగు డైలాగులు మారాయి. నేను రాసిన సీన్ కన్నా అదే బాగుంది. మర్నాటి నుంచి కథా సమావేశాలకు ఆమెను పిలవడం మొదలుపెట్టాను, నోట్‌బుక్‌తో సహా.

అమెరికా టెలివిజన్‌లో రైటర్స్ రూమ్ అనే పద్ధతి ఉంది. అక్కడ రచయితలకు స్టాఫ్ రైటర్, స్టోరీ ఎడిటర్ అంటూ మెట్లు ఉంటాయి. ఆ తొలి మెట్టుకు కూడా కింద రైటర్స్ అసిస్టెంట్, స్క్రిప్ట్ కోఆర్డినేటర్ అన్న ఉద్యోగాలు ఉంటాయి. గదిలో ఎవరు ఏమన్నారో రాసిపెట్టడం, డ్రాఫ్టుల మధ్య పొంతన చూడడం వారి పని. స్టాఫ్ రైటర్లు చాలామంది అక్కడి నుంచే పైకి వచ్చారు. మన రోజువారీ సీరియళ్ళలో ఆ ఉద్యోగానికి పేరు లేదు, కానీ ఆ అవసరం ఉంది. ఆమె ఆ ఖాళీలో తనంతట తాను కూర్చుంది.

డబ్బు, పేరు

ఈ భాగంలో నా తప్పు కూడా ఉంది కాబట్టి దాటవేయకుండా రాస్తాను. నా దగ్గరకు రాకముందు ఆమె ఒక సంస్థకు ట్రయల్ పేరుతో 12 ఎపిసోడ్లకు సంభాషణలు రాసిచ్చింది. అందులో కొన్ని కొద్దిపాటి మార్పులతో తెరకెక్కాయి, డబ్బు రాలేదు, పేరు పడలేదు. ఒక్క సీన్ వరకు పరీక్షగా రాయించుకోవడం న్యాయం. ఎపిసోడ్ దాటితే అది పని, పనికి ఖరీదు ఉంటుంది. ఆ సంస్థను తిట్టుకున్న నేను, నా బృందంలో చేరిన తర్వాత మూడు నెలలపాటు ఆమెకు నోటిమాట తప్ప ఒక్క కాగితం కూడా ఇవ్వలేదు. డబ్బు ఇచ్చాను కానీ, ఎంత, ఎప్పుడు అన్నది నా ఇష్టం మీద నడిచింది.

నాలుగో నెలలో ఆమె నాకు ఆరు పంక్తుల ఈమెయిల్ పంపింది. అందులో ఆమె మాటలు ఇవి: ఎపిసోడ్‌కు ఇంత అనుకున్నాం, స్క్రిప్టు ఆమోదం పొందినప్పుడు చెల్లింపు, టెలికాస్ట్ అయినప్పుడు కాదు. రెండు తిరగరాతలు ఇందులో కలిసి ఉంటాయి. మూడో దాని నుంచి విడిగా మాట్లాడుకుందాం. ఒక వారంలో సగం పైగా సీన్లు నావైతే టైటిల్స్‌లో పేరు. ఇందులో ఏదైనా తప్పుంటే చెప్పండి సార్ అని ముగించింది. నేను సరే అని ఒక్క మాట జవాబిచ్చాను. ఆ ఒక్క మాటతో అది ఒప్పందం అయిపోయింది. రెండు వైపులా లాయర్లు పెట్టుకుని రాసుకున్న ఇరవై పేజీల కాగితాలు నేను చూశాను, ఇంత స్పష్టంగా లేవు.

ఆమోదానికా, టెలికాస్ట్‌కా అన్నది కొత్తవారికి చిన్న తేడాగా కనిపిస్తుంది. ట్రాక్ మధ్యలో మారితే రాసిన ఎపిసోడ్లు షూట్ కాకుండానే చెత్తబుట్టలోకి వెళ్తాయి. చెల్లింపు టెలికాస్ట్‌తో ముడిపడి ఉంటే ఆ నష్టమంతా రచయితదే.

పెద్ద పరిశ్రమల్లో కూడా తొలి మెట్టు భద్రంగా ఏమీ లేదు. అమెరికా రచయితల సంఘం 2023 మే 2 నుంచి సెప్టెంబర్ 27 వరకు 148 రోజులు సమ్మె చేసింది. దాని ముఖ్య కారణాల్లో ఒకటి మినీ రూమ్: సీరీస్‌కు అనుమతి రాకముందే ఇద్దరు ముగ్గురు రచయితలతో కొద్ది వారాల్లో స్క్రిప్టులు రాయించుకుని, షూటింగ్ వేళకు వారిని ఇంటికి పంపేయడం. దానివల్ల కొత్త రచయిత తాను రాసింది సెట్ మీద ఎలా మారుతుందో చూసే అవకాశాన్నే పోగొట్టుకుంటాడు. సమ్మె తర్వాత కుదిరిన ఒప్పందంలో గదికి కనీసం ఇంతమంది రచయితలు ఉండాలన్న నియమం వచ్చింది, కృత్రిమ మేధ తయారుచేసిన పాఠాన్ని రచయిత రచనగా లెక్కించకూడదన్న నియమమూ వచ్చింది. ఈ రెండోదాన్ని అందరూ చర్చిస్తున్నారు కానీ, కొత్తవారి కోణం నుంచి నాకు మొదటిదే ముఖ్యంగా తోస్తుంది. ఖాళీ ట్యాగు ఆలోచన ఒక గదిలో కో-డైరెక్టర్ అడ్డు చెప్పినందువల్ల పుట్టింది, ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఉంటే ఆ కార్డు అలాగే టెలికాస్ట్ అయ్యేది.

తర్వాత

తొమ్మిదో నెలలో, 229వ ఎపిసోడ్‌లో, సంభాషణల కింద ఆమె పేరు నా బృందంలోని మరో రచయిత పేరుతో కలిసి పడింది. అక్షరాలు తెర మీద రెండు సెకన్లు కూడా నిలవలేదు. ఫొటో తీసుకోవడానికి ఆమె మూడు రోజులు వరుసగా ప్రయత్నించిందని తర్వాత తెలిసింది.

ఆ తర్వాత నాలుగు నెలలకు రేటింగ్ పడిపోయి, ముగించుకోమని ఛానెల్ చెప్పింది. 15 ఎపిసోడ్లు ఇచ్చారు. అప్పటికి పట్టికలో నాలుగు నిలువు వరుసలు ఇంకా తెరుచుకోలేదు. రెండింటిని చివరి వారంలో విప్పగలిగాం, మరో రెండు రహస్యాలు ఎవరికీ తెలియకుండానే సీరియల్ అయిపోయింది. తర్వాత ఆమెను పిలిచిన బృందంలో కథ ఏమైనా ఉందా అని ఎవరూ అడగలేదు. వారానికి ఎన్ని ఎపిసోడ్లు ఇవ్వగలవని అడిగారు. మూడు అని చెప్పిందట. నాలుగు అని చెప్పి ఉంటే నేను కోప్పడేవాణ్ణి.

ఆ 64 పేజీల కథను ఈ మధ్య నాకు మళ్ళీ పంపింది. ఇప్పుడది మూడు పేజీలు, దానితోపాటు సంభాషణలతో సహా పూర్తిగా రాసిన తొలి ఎపిసోడ్. గడియారం పెట్టుకుని చదివాను. రెండో సీన్ నిడివి ఎక్కువైంది, 40 సెకన్లు తీయమని రాసి పంపాను.